లాగిన్ అయ్యాక నమస్కారం

నువ్వేం చేస్తావని ఎవరైనా అడిగితే వెబ్‌సైట్లు చేస్తానని చెబుతాను. నిజానికి నా బతుకులో సగం ఒకే ఒక్క ప్రశ్న మీద ఖర్చయిపోయింది. మనిషి తన పేరు కొట్టి, పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వచ్చాక అతన్ని ఏ పేజీలో దించాలి? అంతే. మా పనిలో దీన్ని రీడైరెక్ట్ అంటారు. బస్సెక్కినవాణ్ణి టిక్కెట్టు తీసుకున్న ఊళ్ళో దించాలి కదా, ఇందులో ఆలోచించేదేముంది అనుకుంటారు మీరు. అంటే మీరెప్పుడూ గోదావరి జిల్లాల్లో ఎవరికీ వెబ్‌సైట్ చేసి ఉండరు. ఈ ప్రశ్న ఒకసారి ఒకావిడ రొయ్యల పంట మీదికి వచ్చింది. అది చెప్పడానికే ఇదంతా.

మా వైపు ఎవరూ మనిషిని నేరుగా పనిలోకి పోనివ్వరు. ఒక కల్యాణ మండపం ఆయన, లోపలికి వచ్చినవాళ్ళ మీద ముందు పూలు రాలాలన్నాడు. ఖాళీ తేదీలు ఆ తర్వాత చూసుకుంటారట. రాల్చాను. ఆయన పాత ఫోన్లో పూలు సగంలో ఆగిపోతున్నాయని మూడు వారాలు నన్ను పీక్కుతిన్నాడు. మా నాన్నగారు లూథరన్ స్కూల్లో మాస్టారుగా చేసి రిటైరయ్యారు, ఆ మొహమాటంతో ఒక చర్చి సంఘం పని కూడా నా నెత్తిన పడింది. హాస్టల్ సీటు కోసం దరఖాస్తు పెట్టడానికి వచ్చినవాళ్ళకి ముందు ఆనాటి బైబిల్ వాక్యం, దాని కింద అధ్యక్షులవారి సందేశం, దాని కింద ఉపాధ్యక్షులవారి సందేశం రావాలన్నారు. వాక్యం వరకు ఒప్పుకున్నాను. ఉపాధ్యక్షులవారి దగ్గర నేను గట్టిగా మాట్లాడేసరికి, ఆ ఆదివారం చర్చిలో ఆయన భార్య నన్ను పలకరించలేదు.

ఇలా తల బొప్పి కట్టి ఉన్న రోజుల్లో భీమవరం అవతల ఒక ల్యాబ్ పని వచ్చింది. రొయ్యల చెరువులు చేసేవాళ్ళు ఒక సీసాలో చెరువు నీళ్ళు, ఇంకో సీసాలో నాలుగు రొయ్యలు తెచ్చి ఇస్తే, పరీక్ష చేసి జబ్బుందో లేదో చెప్పే చోటు అది. దాని ఓనరు గారికి అరవై దాటాయి. ఒకప్పుడు ఆయనా చెరువులు చేసి చేతులు కాల్చుకున్నవారే. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఎవరొచ్చినా లేచి నిలబడే అలవాటు. రాజమండ్రిలో పొద్దున్నే బయల్దేరి, రెండు బస్సులు మారి, చెమటతో తడిసి ముద్దయి నేను వెళ్తే, కొబ్బరిబొండం తాగేదాకా పని మాట ఎత్తనివ్వలేదు. రెండోసారీ అంతే. మూడోసారి టైము లేదు, బొండం వద్దండి అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. ఈయనతో ముందుంది ముసళ్ళ పండగ అని నాకు అప్పుడే తెలియాల్సింది.

పని చిన్నదే. రోజూ పొద్దున్న రిపోర్టుల కోసం ల్యాబ్ ముందు మోటార్ సైకిళ్ళు బారులు తీరుతున్నాయి. ఇకమీదట రిపోర్టు తయారవగానే రైతు ఫోనుకి మెసేజి వెళ్ళాలి. అందులో లింకు నొక్కితే లాగిన్ అడగాలి. లాగిన్ అయితే ఆ రిపోర్టు తెరుచుకోవాలి. నేను వాడే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, అంటే పేజీలూ ఫొటోలూ ఎక్కించుకోవడానికి లోకమంతా వాడే సాఫ్ట్‌వేరు, ఈ పని పుట్టుకతోనే నేర్చుకుని వస్తుంది. మనిషి ఏ పేజీ కోసం వచ్చాడో ఆ చిరునామాని గుమ్మం దగ్గరే గుర్తుపెట్టుకుని, పాస్‌వర్డ్ సరిపోగానే తిన్నగా అక్కడికే పంపిస్తుంది. మనం దాని జోలికి పోకుండా ఉంటే చాలు. నేను పోలేదు. చక్కగా పనిచేసింది.

ఓనరు గారికి చూపించాను. ఆయన లింకు నొక్కారు, పాస్‌వర్డ్ కొట్టారు, రిపోర్టు తెరుచుకుంది. ఫోను బల్ల మీద పెట్టేసి నా వైపు చూశారు.

"ఇదేంటండి మేడం గారూ, ఇలా మొహమ్మీద పడిపోయింది?"

"రిపోర్టేనండి. రైతు వచ్చేది దానికోసమే కదా."

"ఆయ్, దానికోసమే. అయితే మాత్రం, గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో చేతిలో కాగితం పెట్టేస్తామా? రండి, కూర్చోండి అని ఒక మాట అనొద్దా?"

"ఇది ఇల్లు కాదండి. ఫోను."

"ఫోనైతే మాత్రం, అటువైపు ఉన్నది మనిషే కదండి."

మధ్యలో ఇంకో పేజీ పెడితే చాలామంది అక్కడే ఆగిపోతారని చెప్పాను. కావాలంటే కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తానన్నాను. గీసి చూపించాను కూడా. ఆయన శ్రద్ధగా చూసి, బొమ్మ బాగుందని మెచ్చుకుని, లోపలికి రాగానే తను రెండు చేతులూ జోడించి నమస్కారం పెడుతున్న ఫొటో రావాలన్నారు. పోనీ ఐదు సెకన్లు ఆ ఫొటో చూపించి దానంతటదే రిపోర్టుకి వెళ్ళిపోయేలా పెడతానన్నాను.

"ఐదు సెకన్లలో లేచి పొమ్మంటామా అండి? వద్దు. కూర్చున్నంతసేపు కూర్చుంటాడు. ఆయనకి లేవాలనిపించినప్పుడే లేస్తాడు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని. ఈ మర్యాదంతా వట్టి సాకు, ఈయనకి తన మొహం ఊరందరి ఫోన్లలో చూసుకోవాలని ఉంది, అంతే అని నేను తీర్మానించేసుకున్నాను. తర్వాత జరిగింది కూడా ఆ నమ్మకాన్నే బలపరిచింది. మొదటి ఫొటోలో చొక్కా కాలర్ సరిగ్గా లేదని ఫోను. రెండో ఫొటోలో వెనకాల గోడ గడియారం కనిపిస్తోందని ఫోను. మూడోదాంట్లో కళ్ళజోడు మెరుస్తోంది. నాలుగోదాంట్లో అన్నీ బాగున్నాయి గానీ నవ్వు చాలలేదట.

"బాగా నవ్వుతూ ఉండాలండి," అన్నారు. "చెరువు చేసేవాడికి గుండె ఎప్పుడూ దడదడలాడుతూనే ఉంటాది. మన మొహం చూడగానే కాస్త ధైర్యం రావాలి."

ఐదో ఫొటో స్టూడియోలో తీయించుకున్నారు. మంచి వెలుగు, నిండైన నవ్వు, జోడించిన చేతులు. ఆ ఫొటో వచ్చిన మధ్యాహ్నం నేనేం చేశానో దాచకుండా రాస్తాను. ఆ నమస్కారం కిందే పెద్ద బటన్ ఒకటి పెట్టి, రైతు ఏ రిపోర్టు కోసం వచ్చాడో ఆ చిరునామాని ఆ బటన్‌కి కట్టొచ్చు. నొక్కితే సరిగ్గా తన రిపోర్టు దగ్గరికే వెళ్తాడు. ఆయన మర్యాద ఆయనకి దక్కుతుంది, రైతు పని రైతుకి అవుతుంది. పట్టుమని పది నిమిషాలు పట్టదు. ఇది నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసీ చెయ్యలేదు. ఆయనకి చెప్పనూ లేదు. ఎవరొచ్చినా, ఎందుకొచ్చినా నమస్కారం పేజీకే పంపు అని ఒక్క లైను రాసి, సాఫ్ట్‌వేరు గుర్తుపెట్టుకున్న చిరునామాని తుడిచేశాను. రిపోర్టు కావాలంటే పైన మూల ఉన్న మూడు గీతలు నొక్కి, అందులో వెతుక్కోవాలి. నలుగురు రైతులు వచ్చి నాలుగు చీవాట్లు పెడితే ఈయనే దారికొస్తాడు, నా మాట విలువ అప్పుడు తెలుస్తుంది అనుకున్నాను. ఆ లైను రాస్తున్నప్పుడు నాకు హాయిగా కూడా అనిపించింది.

చీవాట్లు రాలేదు. గోదావరి జిల్లాల్లో చీవాట్లు అంత తేలిగ్గా రావు. ఫొటో చూసి కొందరు ల్యాబ్‌కి ఫోను చేసి, మీకు కూడా నమస్కారమండి అని చెప్పారట. మూడు గీతల సంగతి కనిపెట్టినవాళ్ళు పక్కవాళ్ళకి చెప్పుకున్నారు. కనిపెట్టలేనివాళ్ళు ఎప్పటిలాగే మోటార్ సైకిలేసుకుని ల్యాబ్‌కి వచ్చి కూర్చున్నారు. నెల తిరిగినా ఒక్క ఫిర్యాదు లేదు. పైగా ఓనరు గారు ఫోను చేసి, మీ పని బ్రహ్మాండంగా ఉందని అందరూ అంటున్నారండి అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మళ్ళీ ఫోను. ఊళ్ళో ఎవరో ఆయనకి శాలువా కప్పి సన్మానం చేశారట. శాలువాతో ఉన్న ఫొటో పెట్టాలి, ఒకసారి వస్తే ఎదురుగా కూర్చుని చూసుకుందామన్నారు. ఒక ఫొటో మార్చడానికి రెండు బస్సులు. పళ్ళు నూరుకుంటూ వెళ్ళాను. నేను ముందు గదిలో కంప్యూటర్ దగ్గర కూర్చుని ఉండగా, పదకొండు దాటాక ఒకావిడ చేతిలో క్యారీబ్యాగు పట్టుకుని గబగబా లోపలికి వచ్చింది.

నలభై ఏళ్ళుంటాయి. ఎకరంన్నర చెరువు కౌలుకి చేస్తోంది. భర్త లారీ మీద పోతుంటాడు, మేత వెయ్యడం దగ్గర్నుంచి నీళ్ళల్లో గాలి తిప్పే ఏరేటర్లు చూసుకోవడం దాకా అన్నీ ఆవిడే. పోయిన పంట జబ్బుతో సగం పోయింది. ఈ పంట కూడా పోతే కౌలు ఇంకొకరికి ఇచ్చేస్తానని చెరువు గల ఆసామి ముందే చెప్పేశాడట. ఇవన్నీ రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి తర్వాత చెబితే తెలిశాయి. అప్పటికి నాకు కనిపించింది మోకాళ్ళ దాకా బురద ఆరిన చీర, క్యారీబ్యాగులో కదలని రొయ్యలు.

"గట్టు పక్కకి వచ్చేత్తన్నాయండి," అంది ఆవిడ. "పొద్దున్నించీ పది పదిహేను తేలాయి. ఒకసారి చూడండి బాబూ."

పరీక్షలు చేసే టెక్నీషియన్ కంప్యూటర్‌లో ఆవిడ పేరు చూసి మొహం చిట్లించాడు. "నిన్న పొద్దున ఎనిమిదింటికే పంపేశాం కదమ్మా రిపోర్టు. తెల్లమచ్చ ఉందని వచ్చింది. మెసేజి చూసుకోలేదా?"

తెల్లమచ్చ అంటే రొయ్యకి మందు లేని రోగం. ఉందని తెలిసిన రోజే వల వేసి చెరువు పట్టేస్తే, చిన్న సైజైనా బతికున్న సరుకు బయటపడుతుంది. ఒకట్రెండు రోజులు ఆగితే ఇక పట్టడానికి ఏమీ మిగలదు. ఈ మాత్రం నాకే తెలిసినప్పుడు ఆవిడకి తెలియదా.

"చూశానండి," అంది. "నొక్కి లోపలికి కూడా ఎల్లానండి. బాబుగారు నవ్వుతా ఉన్నారు. బాగానే ఉందనుకుని మేతేసేశాను."

టెక్నీషియన్‌కి అర్థం కాలేదు. నాకూ కాలేదు. రిసెప్షన్ అమ్మాయే అడిగింది, "నవ్వుతా ఉండటం ఏంటక్కా?"

"ఆ కాయితం ఇంగిలీషులో ఉంటాది, నాకేం తెలుత్తాదమ్మా? ఎప్పుడొచ్చినా బాబుగారి మొహం చూసే కదా మేమందరం చెప్పుకునేది. బాగుంటే నవ్వుతా ఇత్తారు. బాగోపోతే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, కూర్చోండమ్మా అని టీ తెమ్మంటారు. అది చూడగానే పంట పోయిందని తెలిసిపోతాది మాకు. మరి ఫోన్లో నవ్వుతా దణ్ణం పెడతన్నారు కదా."

వెళ్ళినప్పుడల్లా ఆ ముందు గదిలో కూర్చుని నేను చూసిందే అది. ఆయన రైతుల్ని కూర్చోబెట్టడం, టీలు తెప్పించడం, పిల్లల చదువులు అడగడం అన్నీ చూశాను. చూసి, ఈయన టైము తింటున్నాడని విసుక్కున్నాను. ఎవరిని కూర్చోబెడుతున్నారో, ఎవరిని నిలబెట్టే పంపేస్తున్నారో ఒక్కనాడూ గమనించలేదు. చెడ్డ కబురు చెప్పడానికి ఆయనకో పద్ధతి ఉంది, దాన్ని చదవడం ఆ చుట్టుపక్కల చెరువుల మీద అందరికీ వచ్చు. ఒక్క నాకు రాదు. ఆయనకి కూడా అది తన మొహం చూసి తెలిసిపోతోందని తెలియదనుకుంటాను. తెలిసుంటే ఆ నవ్వు ఫొటో పెట్టమని అడిగేవారు కాదు.

ఓనరు గారు లోపలి గది గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. టెక్నీషియన్ చేత రిపోర్టు ప్రింటు తీయించి చదివారు. చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కావాలని కాదు, ఆయన చెయ్యి దానంతటదే ఆ పని చేసింది. ఆవిడ అది చూసి బెంచీ మీద కూలబడిపోయింది.

"టీ వద్దండి బాబుగారూ," అంది. "వల మనుషుల్ని పిలిపించండి."

ఆయన ఫోను తీసి వరసగా ముగ్గురికి చేశారు. వల పట్టేవాళ్ళకి, ఐసు బండికి, సరుకు కొనే అతనికి. అన్నీ అయ్యాక ఆవిడ ముందుకొచ్చి నిలబడ్డారు.

"తప్పు నాదమ్మా. ఆ ఫొటో నేనే పట్టుబట్టి పెట్టించాను. ఈ మేడం గారు వద్దని నెత్తీ నోరూ బాదుకున్నారు. నేనే వినలేదు."

ఆవిడ నా వైపు చూసింది. గదిలో ఉన్న నలుగురూ నన్ను కాస్త గౌరవంగానే చూశారు. బటన్ సంగతి చెప్పాల్సింది అప్పుడే. చెప్పకపోవడానికి భయం కారణమా, మర్యాద కారణమా, లేక నా మాటే నెగ్గిందన్న దిక్కుమాలిన సంతోషమా అని తర్వాత చాలాసార్లు ఆలోచించుకున్నాను. మూడూ కొంచెం కొంచెం ఉన్నాయి. నేను తల దించుకుని లాప్‌టాప్ సంచిలో పెట్టుకున్నాను.

వెంటనే ఇంటికి పోవడానికి మొహం చెల్లక, ఆయన కారులోనే చెరువు దగ్గరికి వెళ్ళాను. అప్పటికే వల దించేశారు. ఆవిడ కూడా నీళ్ళల్లోకి దిగి వాళ్ళతో పాటు లాగుతోంది. మొదటి వలలో ఎగురుతున్నవి ఎక్కువే ఉన్నాయి. రెండోదాంట్లో ఎర్రబడి, కదలకుండా ఉన్నవి ఎక్కువ. మూడోసారి వల లాగినతను గట్టు మీదికి వచ్చి, నిన్న పట్టుంటే చాలా మట్టుకు ఎగిరే సరుకే వచ్చేదండి అన్నాడు, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. చెరువు గల ఆసామి బండి మీద వచ్చి, దూరంగా ఆపి, కాసేపు చూసి, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం అవుతుండగా ఆవిడ గట్టెక్కి నా పక్కన కూర్చుంది. చీర పిండుకుంటూ, నన్ను ఓదార్చాలన్నట్టుగా మాట్లాడింది.

"మీ తప్పేం లేదులెండి. చదువు లేకపోవడం మాది. నిన్న ఆ ఫొటో కింద ఇంకేమైనా నొక్కడానికి ఉందేమోనని కిందకి పైకి జరిపి చూశానండి. ఏం లేదు. ఉంటే నొక్కేదాన్నే. మా పక్కింట్లో టీచరమ్మ గారున్నారు, చదివించుకునేదాన్ని."

ఏదో ఒకటి అనాలి. "అలాగా అండి," అన్నాను. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టేటంత కోపం ఆవిడకి నా మీద రావాలంటే, ముందు నేను నిజం చెప్పాలి కదా.

రాజమండ్రి చేరగానే సైటు సరిచేశాను. నేను రాసిన ఆ ఒక్క లైను తీసేశాను. ఇప్పుడు లింకు నొక్కినవాళ్ళు తిన్నగా రిపోర్టులోకే వెళ్తారు. పైన పెద్ద తెలుగు అక్షరాల్లో జబ్బు ఉంది, లేదు అని వస్తుంది. ఉందని వస్తే ల్యాబ్‌కి కూడా కబురు వెళ్తుంది, ఓనరు గారు స్వయంగా ఆ రైతుకి ఫోను చేస్తారు. ఆ చివరిది ఆయన ఆలోచనే. ఫోన్లో కూడా ముందు పిల్లలెలా ఉన్నారని అడుగుతారట, అవతలివాళ్ళకి అక్కడితోనే అర్థమైపోతుందట. శాలువా ఫొటో ఎక్కడా పెట్టించుకోలేదు.

బతికి బయటపడింది సగం లోపే. ఓనరు గారు రెండుసార్లు ఆసామి ఇంటికి వెళ్ళి, ఈసారికి ఆవిడకే కౌలు ఉంచమని అడిగారు. ఆసామి రెండుసార్లూ కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, మర్యాదగా కుదరదన్నాడు. చెరువు వేరేవాళ్ళ చేతికి వెళ్ళిపోయింది. ఆవిడ ఇప్పుడు రొయ్యలు వొలిచే షెడ్డుకి వెళ్తోందని, పొద్దున్నే వ్యానులో తీసుకెళ్తారని రిసెప్షన్ అమ్మాయి చెప్పింది.

ఆ కబురు తెలిసిన వారంలోనే ఓనరు గారు ఫోను చేశారు. పనేమీ లేదు, ఊరికే చేశానన్నారు. కాసేపు మా నాన్నగారి ఆరోగ్యం అడిగారు. తర్వాత అసలు సంగతికి వచ్చారు.

"మీరు మొదటి రోజే బొమ్మ గీసి మరీ చెప్పారండి. నాదే మూర్ఖత్వం. మీ మాట విని ఉంటే ఆ తల్లి చెరువు ఆవిడకి ఉండేది. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదండి నాకు. మీకు కూడా చెడ్డపేరు తెచ్చాను. ఏమీ అనుకోకండి అమ్మా, నన్ను క్షమించాలి."

"అయ్యో, పర్వాలేదండి," అన్నాను నేను. "ఎవరికైనా జరుగుతుంది. మీరు మనసులో పెట్టుకోకండి."

ఆయన రెండుసార్లు థాంక్స్ చెప్పి ఫోను పెట్టేశారు.